వయస్సు మళ్లిన వేళ దూరప్రయాణము

(శతాబ్ది ఉత్సవములలో భాగముగా జరిగిన వృద్ధుల సహవాస కూటమునందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ కూటములో ఏ విషయము మాట్లాడమందురని ఉత్సవ కమిటీ వారిని అడిగినప్పుడు, "అయ్యగారూ, వృద్ధాప్యములో విశ్వాసము అని పెట్టుకొనండి" అన్నారు. మంచి అంశమే. అయితే కొన్ని సంవత్సరములుగా మా గడప తొక్కిన పెద్దవారు మమ్ము అడుగుచున్న ప్రశ్న అంత పెద్ద మాటలలో లేదు. "అయ్యగారూ, అబ్బాయి టిక్కెట్టు పంపుతానంటున్నాడు. ఆయన పోయిన తరువాత నేను గుంటూరు కూడ ఒంటరిగా వెళ్లలేదు. ఈ వయస్సులో ఒక్కదాన్ని అంత దూరము వెళ్లగలనా? వెళ్లవచ్చునా?" ఇదీ వారి ప్రశ్న. విశ్వాసమును గూర్చిన ప్రశ్న ఇందులోనే ఉన్నదని మాకు తోచినది. గనుక ఈ సాయంకాలము దానినే తీసికొన్నాము.

నూరేండ్ల క్రితము మన పెద్దలకు ప్రక్క జిల్లాయే పరదేశము. ఈనాడు మన సంఘ రిజిస్టరు తెరచి చూడండి. పిల్లలు డల్లాసులో ఒకరు, మెల్‌బోర్నులో ఒకరు, దుబాయిలో ఒకరు. ఇంటిలో మిగిలినవారు తల్లియో తండ్రియో ఒక్కరు. క్రిస్మసు ఆరాధనలో ముందు బెంచీలు చూచినప్పుడెల్ల ఈ సంగతి మాకు కనబడుచునే యున్నది.

మొదట మా తప్పిదము ఒప్పుకొని, తరువాత మాట్లాడుట న్యాయము.

పదునాలుగేండ్ల క్రితము మేము మరొక పాస్టరేటులో పని చేయుచుండగా, మిషను పాఠశాలలో ఉపాధ్యాయినిగా పని చేసి రిటైరైన ఒక విధవరాలు మా సంఘములో ఉండిరి. వయస్సు 68. ఒక్కతే కుమార్తె. ఆమె అమెరికాలో గర్భవతియై, కదలక పడుకొనవలెనని డాక్టర్లు చెప్పిన స్థితిలో ఉన్నది. అల్లుడు కాగితములు పంపినాడు. వీసా కూడ వచ్చినది. ఒకనాడు సాయంకాల ప్రార్థన ముగిసిన తరువాత ఆ తల్లి పాసుపోర్టును చేతిరుమాలులో చుట్టుకొని మా యింటికి వచ్చి, "అయ్యగారూ, మీరేమంటారు?" అని అడిగినారు.

మేమన్న మాటలు మాకింకను జ్ఞాపకమున్నవి. "అమ్మా, మీకు షుగరున్నది, బి.పి. ఉన్నది. ఇంగ్లీషు చదువగలరు గాని మాటలాడి అలవాటు లేదు. దారిలో ఏమైనా జరిగితే ఎవరు చూస్తారు? ఇక్కడినుండే ప్రార్థన చేయండి. దేవుడు అక్కడ కూడ ఉన్నాడు గదా" అన్నాము. ఆమె కొంతసేపు ఏమియు మాట్లాడలేదు. తరువాత పాసుపోర్టును మరల రుమాలులో చుట్టి, "అయ్యగారు చెప్పిన తరువాత ఇంకేమున్నది" అని లేచి వెళ్లిపోయినారు.

దేవుని కృపవలన బిడ్డ క్షేమముగా పుట్టినాడు. కాని మరుసటి సంవత్సరము శ్రమకాలపు దినములలో ఆ తల్లి నాలుగు దినముల జబ్బుతో ప్రభువునందు నిద్రించినారు. కుమార్తె మూడవ దినమునకు వచ్చి చేరినది. భూస్థాపనయైన తరువాత చంకన బిడ్డతో మా యొద్దకు వచ్చి వందనము చేసి, ఒక్క మాట అన్నది. "అమ్మ వస్తుందని మెట్లెక్కే పని లేకుండ క్రింది గది సర్దిపెట్టాను అయ్యగారూ." అంతే. మమ్ము నిందించలేదు. నిందించియుంటే సమాధానము చెప్పుటకు ఏదో ఒకటి వెదకుకొనియుండెడివారము. ఆ గది మాట వినిన తరువాత మాకు సమాధానము లేకపోయినది.

మేము చేసినదేమి? మా భయమునకు ప్రార్థన అని పేరు పెట్టి ఆమె చేతిలో పెట్టినాము. దేవుడు అక్కడ కూడ ఉన్నాడన్నది సత్యమే. అయితే ఆ సత్యము ఆమెను ఆపుటకు కాదు, పంపుటకు చెప్పవలసినది. అక్కడ ఉన్న దేవుడు దారిలో మాత్రము ఉండడా?

అప్పటినుండి మేము వేదములో వృద్ధుల ప్రయాణములను వెదకి చదువుచున్నాము. హారాను విడిచి బయలుదేరినప్పుడు అబ్రాహాముకు 75 ఏండ్లని ఆదికాండము చెప్పుచున్నది. అయితే ఆయన ఒంటరిగా పోలేదు, భార్యయు తమ్ముని కుమారుడును దాసులును వెంట ఉన్నారు. మన తలిదండ్రుల సంగతికి ఇంకను దగ్గరగా ఉన్నవాడు యాకోబు. ఫరో ఎదుట నిలువబడిన నాటికి ఆయనకు 130 ఏండ్లు. పరదేశములో ఉద్యోగము చేయుచున్న కుమారుడు రమ్మని వర్తమానము పంపినాడు. మొదట ముసలివాడు నమ్మలేదు. కుమారుడు పంపిన బండ్లు వాకిట నిలిచిన తరువాతనే ఆయన ప్రాణము తెప్పరిల్లినది. ఈనాటి మన ఇండ్లలో టిక్కెట్టు కాగితము చేతికి వచ్చిన దినమువంటిదే అది! అయినను బయలుదేరిన యాకోబు సరాసరి ఐగుప్తునకు పోలేదు. పొలిమేరకు దగ్గరనున్న బెయేర్షెబాలో ఆగి, బలి అర్పించినాడు. ఆ రాత్రి దేవుడు అతనికి భయపడవద్దని చెప్పవలసి వచ్చినది. భయపడవద్దని చెప్పినాడంటే భయపడుచున్నాడనియే గదా అర్థము. కుటుంబమంతయు వెంట ఉన్నను భయమే. గనుక ఒంటరిగా పోవలసిన మీకు భయము కలిగితే సిగ్గుపడవద్దు. బెయేర్షెబాలో ఆగండి, తరువాత ముందుకు సాగండి.

ఇది వేదకాలపు సంగతి. మన తెలుగు దేశమునకు, అందులోను గోదావరి గట్టుకు సంబంధించిన సంగతి మరియొకటి ఉన్నది. వేదాంత కళాశాలలో సంఘ చరిత్ర పాఠములో దీనిని చదివి పరీక్ష వ్రాసినాము. అప్పుడు మాకు ఇరువదియైదేండ్లు లేవు గనుక దాని బరువు తెలియలేదు.

ఆయన పేరు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్. మన లూథరన్ సహోదరులు ప్రేమతో ఫాదర్ హయ్యర్ అని పిలుతురు. 1793 జూలై 10న జర్మనీ దేశములో హెల్మ్‌స్టెట్ అను పట్టణములో జన్మించినారు. పదునాలుగేండ్ల ప్రాయమున, నెపోలియను యుద్ధముల దినములలో, తలిదండ్రులు ఆయనను అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఉన్న మేనమామ యొద్దకు పంపివేసినారు. అదియే మొదటి దూరప్రయాణము. తరువాత బోధకుడై, వివాహము చేసికొని, పిల్లలను పెంచి, గుఱ్ఱముమీద ఊరూరు తిరిగి సంఘములు కట్టినారు. 1839లో భార్య మరణించినది.

అమెరికా లూథరన్ సంఘము భారతదేశమునకు మొదటి మిషనరీని పంపదలచినప్పుడు ఆ పిలుపు ఈయనకు వచ్చినది. 1841 అక్టోబరులో బోస్టనులో ఓడ ఎక్కునాటికి ఆయనకు 48 ఏండ్లు. ఇప్పటి మా వయస్సుకు దగ్గర. భార్యను పోగొట్టుకొని, పిల్లలను వెనుక విడిచి పోవుచున్నాడు. ఓడలో ఇతర మిషనుల వారున్నను తన సంఘము పక్షమున ఆయన ఒక్కడే. ఆ దినములలో సూయజు కాలువ లేదు. ఆఫ్రికా ఖండమును చుట్టి రావలెను. అయిదు నెలల ప్రయాణము చేసి సింహళములో దిగి, అక్కడనుండి దక్షిణదేశము గుండ పల్లకీలో మద్రాసు చేరి, 1842 జూలై 31న గుంటూరు ప్రవేశించినారు. హెన్రీ స్టోక్సు అను కలెక్టరు ఆయనను చేర్చుకొని సహాయము చేసినారు. మన సి.ఎమ్.ఎస్. మిషనరీలు నోబుల్, ఫాక్సు గార్లు మచిలీపట్నములో పని ఆరంభించినది కూడ ఆ 1841లోనే.

గుంటూరులో హయ్యరుగారు బడులు పెట్టినారు, బాలికలకును చదువు చెప్పించినారు. వైద్యము తెలియనిదే ఈ జనులకు పూర్తిగా ఉపయోగపడలేనని గ్రహించి, అమెరికాకు తిరిగి వెళ్లి, యాభై యేండ్లు దాటిన వయస్సున బాల్టిమోరులో కుఱ్ఱవాండ్ర ప్రక్కన కూర్చుండి చదివి, 1847లో వైద్య పట్టా పుచ్చుకొన్నారు. మరుసటి సంవత్సరమే మరల ఇక్కడికి వచ్చి పల్నాటి సీమలోని గురజాలలో పని చేసినారు. 1857లో ఆరోగ్యము తగ్గి అమెరికాకు పోయినారు. అక్కడ కూడ ఊరకుండక, అప్పుడప్పుడే జనులు స్థిరపడుచున్న మిన్నెసోటాలో సంఘములు స్థాపించినారు. అప్పటికే అరువది దాటినవి. ఇక చాలునని ఎవరైనను అందురు. ఆయన స్వదేశమైన జర్మనీకి పోయి విశ్రాంతి తీసికొనుచుండిరి.

అంతలో రాజమండ్రి వార్త వచ్చినది. అక్కడి మిషనును మొదట ఉత్తర జర్మనీ మిషను వారు ఆరంభించి, తరువాత అమెరికా లూథరనుల చేతికి అప్పగించియుండిరి. అయితే అమెరికాలో 1861 మొదలు 1865 వరకు జరిగిన అంతర్యుద్ధము వలనను, సంఘములోని చీలికల వలనను ధనము చాలలేదు, మనుష్యులు చాలలేదు. కాబట్టి రాజమండ్రిని చర్చి మిషనరీ సొసైటీకి, అనగా మన డయాసిస్‌కు మూలమైన సొసైటీకే, అప్పగించుటకు ఏర్పాటులు జరుగుచుండెను. ఆ సంగతి వినిన వృద్ధుడు ఊరకుండలేదు. సముద్రము దాటి, 1869 మే నెలలో పెన్సిల్వేనియాలోని రీడింగు పట్టణములో జరుగుచున్న తమ సంఘ మహాసభకు వచ్చి నిలువబడి, రాజమండ్రిని విడిచిపెట్టవద్దని బ్రతిమాలినారు. యువకులు సిద్ధపడి వచ్చువరకు తానే పోయి పని చూచుకొందునన్నారు. అప్పటికి ఆయనకు నిండిన వయస్సు సరిగా 75. అబ్రాహాము వయస్సే!

ఎన్నాళ్లలో బయలుదేరగలరని సభవారు అడిగినప్పుడు, ఆ ముసలాయన చేతిసంచి పైకెత్తి చూపి, ఇప్పుడే సిద్ధమన్నారని లూథరన్ సంఘములో తరతరములుగా చెప్పుకొందురు.

ఆ యేడు ఆగస్టు నెలాఖరున అమెరికా విడిచి, డిసెంబరులో రాజమండ్రి చేరినారు. అప్పటికి 76 నిండినవి. వెనుక రాబోవు యువకులకంటె ముందుగా వచ్చి, పాతవారిని పలుకరించి, చెదరిన పనిని కూర్చినారు. 1870లో వచ్చిన యువకులలో బెకర్ అనువారు వచ్చిన కొద్ది కాలమునకే మరణించినారు. ఆ దుఃఖములోను ముసలాయన నిలిచినారు. తరువాత వచ్చిన ష్మిట్ అనువారు ముప్పది యేండ్లకు పైగా గోదావరి ప్రాంతమున సేవ చేసినారు. పని చేతికి అందుకొనువారు వచ్చినారని చూచి, 1871 ఆరంభములో హయ్యరుగారు సెలవు పుచ్చుకొన్నారు. ఫిలడెల్ఫియా వేదాంత పాఠశాలలో విద్యార్థుల మధ్య తండ్రివలె జీవించి, 1873 నవంబరు 7న, 80వ యేట, తమ పరుగు ముగించినారు.

ఆయన రాకపోయినయెడల రాజమండ్రి లూథరన్ సంఘములు ఈనాడు మనతో ఉండెడివేమో. మనకు లాభమే గదా అని ఎవరైన నవ్వవచ్చును. అయినను మన సంఘమునకు పోయిన దానిని లెక్కింపక, ఒక వృద్ధుని విశ్వాసమును ఈ శతాబ్ది వేదికమీద సంతోషముగా చెప్పుకొనుచున్నాము. ప్రభువు పొలము ఒక్కటే.

ఈ జీవితములో మనము నేర్చుకొనవలసిన సంగతులు మూడు ఉన్నవి.

మొదటిది, ఆయన పని ఉండి బయలుదేరినారు. తన వయస్సు ఎంత అని గాక అక్కడ అవసరమేమి అని అడిగినారు. మీరును అట్లే అడుగవలెను. అక్కడ కుమార్తె ప్రసవమున్నదా? రెండు ఉద్యోగముల మధ్య నలుగుచున్న కుమారుని ఇంటిలో ప్రార్థన ఆగిపోయినదా? మనుమలు తెలుగు మాట మరచుచున్నారా? లేక ఎన్నడును చూడని దేశమును చనిపోకముందు చూడవలెనని కోరికయా? అదియు తప్పు కాదు. దేవుడు చేసిన లోకమును చూచుట పాపమని ఎక్కడను లేదు. అయితే ఎందుకు పోవుచున్నామో మనకు తెలియవలెను. ఎందుకో తెలిసినవానికి దారిలోని కష్టము సగము తగ్గును. ప్రక్కింటివారు పోయినారు గనుక మేమును పోవలెనని బయలుదేరినవారికి అక్కడి నాలుగు గోడల మధ్య మొదటి నెలలోనే విసుగు పుట్టును.

రెండవది, ఆయనది ధైర్యమే గాని తెగింపు కాదు. రాజమండ్రి ఆయనకు క్రొత్త కాదు, తెలుగు భాష క్రొత్త కాదు, వైద్యము తెలియును. తెలిసిన దారిని ప్రార్థనతో పోయినారు. మనకు తెలియని దారియైతే ముందుగా తెలిసికొనవలెను. డాక్టరు ప్రయాణము వద్దని చెప్పిన హృదయరోగి విశ్వాసము పేరిట విమానమెక్కుట దేవుని శోధించుట యగును.

మూడవది, తిరిగి రావలసిన వేళ ఆయనకు తెలిసినది. యువకులు వచ్చిన తరువాత కుర్చీ పట్టుకొని కూర్చుండలేదు. పిల్లల ఇంటికి పోయిన మనమును ఆ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. అక్కడి వంటగది కోడలిది. సహాయమునకు వచ్చినవారు అధికారమునకు వచ్చినట్లు ఉండరాదు.

ఇక ఒంటరిగా పోవువారికి ఉపయోగపడు కొన్ని సంగతులు చెప్పుదుము. ఇవి ప్రసంగములో చెప్పవలసినవా అని అనుకొనవద్దు. పౌలుగారు కూడ త్రోయలో విడిచిన అంగీని తెమ్మని పత్రికలో వ్రాసినారు గదా.

మన క్రైస్తవులకు ముఖ్యముగా పేరుతో చిక్కు. బాప్తిస్మపు రిజిస్టరులో ఒక పేరు, బడి సర్టిఫికేటులో ఒక పేరు, ఇంటిపేరు ఒకచోట ఉండును, మరొకచోట ఉండదు. పాసుపోర్టులోను, వీసాలోను, టిక్కెట్టులోను పేరు ఒక్క అక్షరము తేడా లేకుండ ఉండవలెను. తేడా ఉన్నవారు టిక్కెట్టు కొన్న తరువాత గాక ఇప్పుడే సరిచేయించుకొనండి. బాప్తిస్మపు సర్టిఫికేటు కావలసినవారు మా యొద్దకు ఏ దినమైనను రావచ్చును. పెద్దవారి పాసుపోర్టు పదేండ్లవరకే చెల్లును. గడువు ఇంకను ఆరు నెలలైనను మిగిలియుండవలెనని అనేక దేశములు కోరును.

టిక్కెట్టు తీసికొనునప్పుడే చక్రముల కుర్చీ కావలెనని చెప్పించండి. నడువగలిగినవారు సిగ్గుపడుదురు. కాని పెద్ద విమానాశ్రయములలో ఒక ద్వారమునుండి మరొక ద్వారమునకు నడక చాల దూరము. కుర్చీ త్రోయువాడు దారి ఎరిగినవాడు గనుక తప్పిపోవు భయము ఉండదు. మందులు, ఇన్సులిను పెద్ద పెట్టెలో వేయరాదు. క్రింద సామాను గదిలో చలికి ఇన్సులిను చెడిపోవచ్చును, పెట్టె ఆలస్యము కావచ్చును. డాక్టరు చీటీతో కూడ చేతిసంచిలో ఉండవలెను. గల్ఫునుండి అమెరికా పోవు విమానములో పదునారు గంటలవరకు కూర్చుండవలసి వచ్చును. అంతసేపు కదలక కూర్చుంటే కాళ్లలో నెత్తురు గడ్డకట్టు ప్రమాదమున్నది. గంటకో రెండు గంటలకో లేచి నడవండి, పాదములు ఆడించండి, నీరు త్రాగండి. మాటిమాటికి లేవవలసి వచ్చునని నీరు మానవద్దు.

ఆవకాయ తీసికొనిపోవువారు అది ఉన్నదని కాగితముమీద దాచక చెప్పవలెను. మాంసపు పచ్చళ్లు అమెరికాలో రానియ్యరు. చిన్న అబద్ధముతో ఆ దేశపు గుమ్మము దాటవద్దు. ఎన్నాళ్లు ఉండవచ్చునన్నది అక్కడ దిగినప్పుడు అధికారి నిర్ణయించును, సాధారణముగా ఆరు నెలలవరకు ఇత్తురు. ఆ గడువు మీరరాదు. అక్కడ ఆసుపత్రి ఖర్చు మన ఊహకు అందనిది. ఇన్సూరెన్సు తీసికొని, పాత జబ్బులకు వర్తించునా లేదా అని చదివించుకొనండి.

ఇంతవరకు పోవువారి సంగతి. పంపువారి సంగతి కూడ ఉన్నది. మిషనరీ బయలుదేరినప్పుడు సంఘము కూడి ప్రార్థించి పంపును. మన సంఘమునుండి ఒక తల్లి ఒంటరిగా భూగోళము ఆవలికి పోవునప్పుడు ఆమె ఇంటి తాళము సంగతి తప్ప మరేమియు అడుగము! పోవువారిని ఆరాధనలో ముందుకు పిలిచి ప్రార్థించవలెను. యౌవనులు ఫోను వాడుట నేర్పవలెను. కాని ఫోను చార్జింగు అయిపోవచ్చును, గనుక ముఖ్యమైన నంబర్లు కాగితముమీద కూడ వ్రాసి ఇయ్యవలెను.

క్రిందటి సంవత్సరము మన సంఘములో 71 ఏండ్ల తల్లి ఒకరు మా యొద్దకు వచ్చి ఆ పాత ప్రశ్ననే అడిగినారు. ఈసారి మేము, "అమ్మా, డాక్టరుగారేమన్నారు?" అని అడిగినాము. పోవచ్చునన్నారట. "మీ మనస్సులో ఏమున్నది?" అన్నాము. "భయమున్నది అయ్యగారూ. కాని మనుమరాలిని చూడవలెనని ఉన్నది" అన్నారు. "అయితే భయమును కూడ తీసికొని వెళ్లండి" అన్నాము. యౌవన సంఘము వారు ఒక అట్టముక్కమీద ఆమె పేరు, పోవు ఊరు, విమానముల నంబర్లు, కుమారుని ఫోను ఇంగ్లీషులో పెద్ద అక్షరములతో వ్రాసి, మెడలో వేసికొనుటకు దారము కట్టి ఇచ్చినారు. ఆమె మందులును, వేద పుస్తకమును, క్రైస్తవ కీర్తనల పుస్తకమును చేతిసంచిలో పెట్టుకొన్నారు. శంషాబాదులో లోపలికి పోవునప్పుడు ఆమె వెనుకకు తిరిగి చూడలేదని సాగనంపిన వారు చెప్పినారు. తిరిగి చూచియుంటే ఆగిపోయెడిదానినని ఆమె తరువాత మాతో అన్నారు.

విమానము మారవలసిన చోట, గల్ఫు పట్టణములో, ఆరు గంటలు కనిపెట్టవలసి వచ్చినది. చుట్టు తెలిసిన ముఖము లేదు, తెలిసిన భాష లేదు. ధైర్యము కొరకు ఆమె కీర్తనల పుస్తకము తీసి సన్నని స్వరముతో పాడుకొనుచుండగా, కుర్చీ త్రోయు కుఱ్ఱవాడు వంగి, "అమ్మా, మీదే ఊరు?" అని తెలుగులో అడిగినాడట. అతనిది రాజోలు దగ్గర పల్లె. తల్లిని చూచి మూడేండ్లయినదట. పని మధ్య తీరిక దొరికినప్పుడు వచ్చి టీ తెచ్చి ఇచ్చినాడు, విమానము ద్వారమువరకు దిగబెట్టినాడు. ఆమె అతని తల్లి పేరు, ఊరు కీర్తనల పుస్తకపు వెనుక అట్టమీద వ్రాసికొన్నారు.

అయిదు నెలలైన తరువాత ఆమె క్షేమముగా తిరిగి వచ్చినారు. వచ్చిన పక్షములోనే బస్సెక్కి, ఒక్కతే, ఆ పల్లెకు పోయినారు. "మీ అబ్బాయి చిక్కలేదమ్మా. నన్ను సొంత తల్లిలాగ చూచుకొన్నాడు" అని ఆ తల్లితో చెప్పి వచ్చినారు. కొడుకు ఫోనులో ప్రతి వారము మాట్లాడుచునే ఉన్నాడట. అయినను అతనిని కన్నులార చూచి వచ్చిన మనిషి గుమ్మములో నిలువబడినప్పుడు ఆ తల్లి చేతులు పట్టుకొని విడువలేదట. ఆమె మనుమరాలిని చూచుటకు పోయినారు. దేవుడు ఇంకొక పని కూడ ఆమె సంచిలో పెట్టి పంపినాడు. ఆమె ఇప్పుడు మీ మధ్యనే కూర్చున్నారు. పేరు చెప్పవద్దన్నారు గనుక చెప్పుట లేదు.

అందరును పోవలెనని మేము చెప్పుట లేదు. మంచము దిగలేనివారున్నారు. ఇక్కడ జబ్బు భర్తను విడిచి పోలేనివారున్నారు. పిల్లలు పిలువనివారును ఉన్నారు. వారి బాధ మేము ఎరుగుదుము. ఇక్కడ నిలిచియుండుట కూడ పిలుపే. మేము చెప్పునది ఒక్కటే. వయస్సు అను ఒక్క కారణము చేత ఎవరును ఆగిపోవద్దు, ఎవరిని ఆపవద్దు.

పిల్లలారా, మీరు దూరదేశములనుండి సెలవులకు వచ్చి ఈ సంచిక చదువుదురేమో. టిక్కెట్టు పంపుటతో మీ పని తీరదు. యోసేపు బండ్లను పంపి ఊరకుండలేదు. తానే రథమెక్కి తండ్రికి ఎదురు వచ్చినాడు. తలిదండ్రులు దిగువేళకు ద్వారమునొద్ద నిలువబడియుండండి. వారిని పిలుచునది బిడ్డను చూచుకొనుటకు మాత్రమేనా, వారిని చూచుకొనుటకు కూడనా, అని మీ మనస్సును అడుగండి.

పెద్దలారా, మనమందరము ఒంటరిగా చేయవలసిన చివరి ప్రయాణము ఒకటి ఉన్నది. దానికి పాసుపోర్టు లేదు, తిరుగు టిక్కెట్టు లేదు. అక్కడ మన కొరకు స్థలము సిద్ధపరచుటకు ప్రభువు ముందుగా వెళ్లియున్నాడు. క్రింది గది సర్దిపెట్టిన ఆ కుమార్తె మాట వినిన నాటినుండి ఈ వాగ్దానము మాకు క్రొత్తగా అర్థమగుచున్నది. మన కొరకు ఒక గది సర్దిపెట్టి, దారి చూచుచున్నవాడు ఉన్నాడు. ఆ దారికి సిద్ధపడినవారికి డల్లాసు దారి ఎంతటిది?

ఆ తల్లి పాసుపోర్టును మరల రుమాలులో చుట్టిన చేతులు మా కన్నుల యెదుటనుండి పోలేదు. ఈ శతాబ్ది సంవత్సరమున మరి ఎవరైన మా గుమ్మములోనికి రుమాలు విప్పుచు వచ్చినయెడల, కూర్చుండబెట్టి, ప్రార్థించి, పంపుదుము.

ప్రభువు మీ రాకపోకలయందు మిమ్మును కాపాడునుగాక. ఆమేన్.